పిడికెడు అన్నం దగ్గర మొదలుపెట్టు

తెనాలి

చిరంజీవికి,

నీ రాతప్రతి పోయిన మంగళవారం అందింది. రెండుసార్లు చదివాను, మొదటిసారి ఎర్ర పెన్ను పట్టుకోకుండా, రెండోసారి పట్టుకుని. దక్షిణ కొరియాలోని గ్వాంగ్జు ఊరి జనం 1980 మేలో సైనిక పాలనకి ఎదురు నిలిచిన పది రోజుల గురించి పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకి తెలుగులో రాయాలన్న ఆలోచన ఎలా వచ్చిందో ఆ మధ్య ఫోన్లో చెప్పావు గుర్తుందా? మీ పక్కింటి పిల్ల కొరియా పాటల బృందం బీటీఎస్ పాట వింటూ "అక్కా, 062-518 అంటే ఏంటి?" అని అడిగిందన్నావు. 062 గ్వాంగ్జు ఫోన్ కోడ్. 518 అంటే మే 18. ఆ మాట పాడిన బీటీఎస్ కుర్రాడు జె-హోప్‌ది ఆ ఊరే. ఆ పిల్ల తలుపు బార్లా తీసి పెడితే, నువ్వేమో గోడ దూకి 1961 సైనిక కుట్ర నుంచి మొదలుపెట్టావు!

పన్నెండు పేజీల దాకా ఒక్క మనిషి కనపడలేదమ్మాయ్. 1979 అక్టోబర్ 26న పార్క్ చుంగ్-హీ హత్య, డిసెంబర్ 12న చున్ డూ-హ్వాన్ సైన్యాన్ని గుప్పిట్లో పెట్టుకోవడం, 1980 మే 17 అర్ధరాత్రి దేశమంతటా మార్షల్ లా, అంటే సైనిక పాలన. తేదీ ఒక్కటి కూడా తప్పు లేదు, సంతోషం. కానీ అదంతా ఒక పేరాలో అయిపోవాలి. పద్దెనిమిదేళ్లు ఏలిన నియంత పోయాడు, జనం హమ్మయ్య అనుకునేలోపు ఇంకో జనరల్ వచ్చి కూర్చున్నాడు, కాలేజీలు మూయించాడు, ప్రతిపక్ష నాయకుల్ని లోపలేశాడు. మర్నాడు ఉదయం చొన్నామ్ విశ్వవిద్యాలయం గేటు దగ్గర విద్యార్థులకి పారాట్రూపర్లు అడ్డుపడ్డారు. ఈ మాత్రం చాలు, తర్వాత వీధిలోకి నడువు.

నేను సోషల్ చెప్పే రోజుల్లో ఒకసారి జలియన్‌వాలా బాగ్ పాఠంలో, ప్రభుత్వం చెప్పిన లెక్క 379 అని బోర్డు మీద రాశాను. వెనక బెంచీలోంచి ఒకడు "అంతేనా సార్?" అన్నాడు. వాణ్ణి బెల్లు కొట్టేదాకా నిలబెట్టాను. ఇంటికెళ్లాక అన్నం సయించలేదు. వాడు సినిమాల్లో వందల మంది పడిపోవడం చూసినవాడు, నేను వాడికి ఒక అంకె ఇచ్చి ఏడవమన్నాను. గ్వాంగ్జులో చనిపోయిన పౌరులు అధికారిక లెక్కలోనే 160కి పైన, ఆచూకీ తెలియకుండా పోయినవాళ్లు ఇంకా డెబ్భై మందికి పైన. నువ్వు ఈ అంకెలతో అధ్యాయం ముగించావు. నీ పాఠకుల్లోనూ ఒకడు అంతేనా అంటాడు. వాడి మీద కోప్పడకు.

అంకె బదులు కిమ్ గ్యోంగ్-చొల్‌ని తీసుకురా. నీ పుస్తకంలో ఆయనకి ఒక వాక్యమే దక్కింది. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి. చెవులు వినపడవు, మాట రాదు. బూట్లు కుట్టే పని. ఇంట్లో నెలల పసిపాప. ఉద్యమం ఊసే లేదు ఆయనకి. మే 18న వీధిలో సైనికులు ఆపారు. వాళ్లు అరిచింది ఆయనకి వినపడదు, ఆయన చెప్పబోయింది వాళ్లకి అర్థం కాదు. కొట్టిన దెబ్బలకి మర్నాడు చనిపోయాడు. ఆ పది రోజుల్లో మొదటి చావు అదే. ఇది రాసేటప్పుడు విశేషణాలు వాడకు. 'అమానుషంగా', 'పాశవికంగా' అని నువ్వు రాసినవాటికి సున్నా చుట్టాను, మొత్తం పదిహేడు.

ఇక అన్నం సంగతి. ఇదొక్కటీ వింటే చాలు, మిగతా నా మాటలు పక్కన పెట్టినా ఫరవాలేదు. ఇరవై రెండో పేజీలో 'మార్కెట్ మహిళలు రైస్ బాల్స్ పంచిపెట్టారు' అని రాసి ముందుకి వెళ్లిపోయావు. కొరియన్‌లో దాన్ని జుమొక్‌బాప్ అంటారు. జుమొక్ అంటే పిడికిలి, బాప్ అంటే అన్నం. మన భాషలో 'పిడికెడు అన్నం' అన్న మాట తయారుగా ఉంటే రైస్ బాల్స్ ఎందుకమ్మా? యాంగ్‌డాంగ్, దేయిన్ మార్కెట్లలో కూరగాయలూ చేపలూ అమ్ముకునే ఆడవాళ్లు పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం వండారు. వేడి అన్నంలో ఉప్పు వేసి, చేతులు కాలుతుంటే తడి చేసుకుంటూ, ముద్దలు గట్టిగా నొక్కి, లారీల మీద వెళ్లే కుర్రాళ్లకి అందించారు. నడుస్తూ తినాలి కాబట్టి ముద్ద విడిపోకూడదు. అందుకే పిడికిలి బిగించి నొక్కడం. ఆవకాయ ముద్ద అమ్మ చేతిలోంచి తిన్న పిల్లలకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. నినాదం ఇచ్చేటప్పుడు బిగించేదీ ఆ పిడికిలే అని మాత్రం రాయకు. వాళ్లే పట్టుకుంటారు, పట్టుకోకపోయినా నష్టం లేదు.

మే 20 సాయంత్రం టాక్సీల ఘట్టం బాగా రాశావు. దెబ్బలు తిన్నవాళ్లని ఆసుపత్రికి చేరేసినందుకు డ్రైవర్లనే లాగి కొట్టారు, అందుకే వాళ్లు స్టేడియం దగ్గర కూడారు, దాదాపు రెండు వందల బళ్లు హెడ్‌లైట్లు వేసుకుని హారన్లు మోగిస్తూ గుమ్నామ్నో వీధిలోకి వచ్చాయి. ఇక్కడ నా పెన్ను పైకి లేవలేదు. కానీ మరుసటి మధ్యాహ్నాన్ని పాడుచేశావు. మే 21, బుద్ధుడి జయంతి, సెలవు రోజు. ఒంటిగంటకి రాష్ట్ర కార్యాలయం మైకులో జాతీయ గీతం మోగింది, కాల్పులు మొదలయ్యాయి. నువ్వు 'సైన్యం విచక్షణారహితంగా కాల్పులు జరిపింది' అన్నావు. అది పేపర్ వాక్యం. జాతీయ గీతం వినపడితే ఒంటి మీద దోమ వాలినా కదలకుండా నిలబడాలని రోజూ అసెంబ్లీలో నేర్చుకునే పిల్లలమ్మా నీ పాఠకులు. పాటని ముందు పెట్టు, తూటాని తర్వాత పెట్టు, అక్కడితో ఆపు. ఆ రోజే ఒక హైస్కూలు అమ్మాయి ఆసుపత్రిలో రక్తం ఇచ్చి తిరిగొస్తూ తూటా తగిలి, అదే ఆసుపత్రికి శవమై చేరింది. ఆ అమ్మాయిని నీ పుస్తకంలో ఎక్కడ వెతికినా దొరకలేదు. ఏం?

బహుశా పిల్లలు భయపడతారని వదిలేశావు. ఎంత చూపించాలి అన్నది నిజంగానే టెన్షన్ పెట్టే ప్రశ్న. కొరియా రచయిత్రి హాన్ కాంగ్ 2024 నోబెల్ ఉపన్యాసంలో ఒక సంగతి చెప్పారు. ఆమె పుట్టింది గ్వాంగ్జులోనే, 1980 మొదట్లో కుటుంబం సియోల్‌కి మారిపోయింది. పన్నెండేళ్లప్పుడు ఇంటి పుస్తకాల అరలో ఒక ఫోటోల పుస్తకం ఆమె కంటపడింది. బాధితుల కుటుంబాలూ బతికి బయటపడ్డవాళ్లూ రహస్యంగా వేసి పంచినది. గుర్తుపట్టలేని ముఖాలు చూసి, మనిషి మనిషికి ఇలా ఎలా చేయగలడు అనుకుందట ఆ పిల్ల. అదే పుస్తకంలో ఆసుపత్రి ముందు రక్తం ఇవ్వడానికి బారులు తీరిన జనం ఫోటో ఉంది. అది చూసి, మనుషులు ఇలా కూడా ఎలా చేయగలరు అనుకుందట. నీ పుస్తకంలో ఈ రెండు ఫోటోలూ ఉండాలి, పక్కపక్కనే. మొదటిది దాచేస్తే రెండోది కేవలం క్యూ.

22 నుంచి 26 దాకా సైన్యం ఊరి బయటికి తగ్గి, గ్వాంగ్జు తన్ను తాను నడుపుకున్న రోజులున్నాయే, అక్కడ నీకు భక్తి ఎక్కువైంది. బ్యాంకులు దోచుకోలేదు, ఫౌంటెన్ చుట్టూ రోజూ సభలు పెట్టుకున్నారు, వీధులు ఊడ్చుకున్నారు, అన్నీ రాయాల్సిందే. కానీ వాళ్లు గట్టిగా పోట్లాడుకున్నారు కూడా. తుపాకులు తిరిగి ఇచ్చేసి ఇంకా చావులు లేకుండా చూద్దామని కొందరు, చనిపోయినవాళ్లకి ఏం జవాబు చెబుతాం అని కొందరు. ఈ గొడవ నువ్వు రెండు వాక్యాల్లో చుట్టేశావు. నన్నడిగితే పిల్లల చేత క్లాసులో చదివించాల్సిన పేజీలు ఇవే. రెండు పక్షాల మాటా పూర్తిగా చెప్పనివ్వు, నీ ఓటు ఎటో తెలియనివ్వకు.

యున్ సాంగ్-వోన్ గురించి చెప్పేటప్పుడు ముందు అతని చేతికి సైక్లోస్టైల్ సిరా అంటించు. ఫ్యాక్టరీ పనివాళ్లకి రాత్రిబడిలో పాఠాలు చెప్పినవాడు. పేపర్లలో సెన్సారు, టీవీలో అబద్ధాలు, ఫోన్ లైన్లు తెగ్గొట్టారు. అతనూ రాత్రిబడి మిత్రులూ స్టెన్సిల్ కోసి కరపత్రాలు అచ్చేసి ఊరంతా పంచారు. మనబోటి రాసేవాళ్లకి ఇంతకంటే దగ్గరి మనిషి ఎవరు? చివరి రాత్రి, మే 26న, రాష్ట్ర కార్యాలయంలో ఉన్న హైస్కూలు పిల్లల్ని ఇళ్లకి వెళ్లమన్నాడు. మీరు బతికి, చూసింది చెప్పాలి అన్నాడు. కొందరు వెళ్లారు, కొందరు వెళ్లలేదు. తెల్లవారుజామున సైన్యం వచ్చింది. అతను పోయాడు, వెళ్లని పిల్లల్లో కొందరూ పోయారు.

ఆ తెల్లవారకముందే ఒక అమ్మాయి గొంతు మైకులో ఊరంతా వినపడింది. సైన్యం వస్తోంది, మమ్మల్ని మర్చిపోవద్దు అని. నువ్వు ఇక్కడ 'పిరికివాళ్లు తలుపులు వేసుకున్నారు' అన్నావు. ఆ వాక్యం కొట్టేశాను, కాగితం చిరిగేంత గట్టిగా. ఆ గొంతు విన్నవాళ్లలో ఎక్కువమంది బయటికి రాలేదు, నిజమే. నువ్వూ నేనూ అయితే వచ్చేవాళ్లమా? దుప్పటి కింద పడుకుని ఆ గొంతు విన్నవాళ్లు తర్వాత ఏళ్ల తరబడి ఆ సిగ్గు మోశారు. 1987 జూన్‌లో లక్షల మంది వీధుల్లోకి వచ్చి అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకునే హక్కు సాధించుకున్నారంటే, వాళ్ల వెనక ఈ సిగ్గు కూడా ఉంది. నీ పుస్తకంలో ఇంటికెళ్లిపోయిన ఒక కుర్రాడు ఉండాలి. వాణ్ణి తిట్టకూడదు.

తర్వాతి కథ త్వరగా నడిపించొచ్చు. చున్ అధ్యక్షుడయ్యాడు, 1996లో బోనెక్కాడు, ఉరిశిక్ష పడింది, అది యావజ్జీవమైంది, 1997 డిసెంబర్‌లో క్షమాభిక్ష దొరికింది, 2021 నవంబర్‌లో ఇంట్లోనే పోయాడు. గ్వాంగ్జుకి క్షమాపణ చెప్పలేదు. ఇక్కడ పిల్లలు "ఇదేం న్యాయం?" అంటారు. జవాబు నువ్వు కనిపెట్టి పెట్టొద్దు. 2023 మార్చిలో అతని మనవడు గ్వాంగ్జు వచ్చి, సమాధి రాళ్లని తన కోటు విప్పి తుడిచిన సంగతి మాత్రం చెప్పు. తాత చేసిన దానికి మనవడు తలవంచాలా అన్నది ఒక పీరియడ్ అంతా సాగే చర్చ.

ఉత్తర కొరియా సైనికులు చొరబడి చేయించారన్న పుకారుకి నువ్వు మూడు పేజీల ఖండన రాశావు. ఆవేశం తప్ప అందులో పట్టుకోడానికి ఏమీ లేదు. దాని బదులు పిల్లల్ని గుమ్నామ్నోలోని జొనిల్ భవనానికి తీసుకెళ్లు. ఆకాశం నుంచి హెలికాప్టర్లు కాల్చలేదని సైన్యం దశాబ్దాలు బుకాయించింది. 2016లో ఫోరెన్సిక్ వాళ్లు పదో అంతస్తు గోడలూ నేలా స్తంభాలూ పరీక్షించడం మొదలుపెట్టారు. అంత ఎత్తున, ఆ కోణంలో తూటాలు దిగాలంటే గాల్లో నిలిచిన దాని నుంచే రావాలని తేల్చారు. లెక్కపెడితే 245 గుర్తులు. ఆ భవనం డోర్ నంబర్ కూడా 245! తర్వాత ఇంకా దొరికి లెక్క పెరిగింది, పేరు మాత్రం 'జొనిల్ బిల్డింగ్ 245' అనే ఉండిపోయింది. ఒక స్తంభం చూసి నిజం ఎలా తేలుస్తారో తెలిసిన పిల్ల వాట్సాప్ ఫార్వర్డ్‌ని కూడా అలాగే చూస్తుంది.

మాటల విషయం ఇంకొకటి. ఒకే పేజీలో తిరుగుబాటు, అల్లర్లు, ఉద్యమం మూడూ వాడేశావు. అల్లరిమూక అన్నది చున్ ప్రభుత్వం మాట. 'గ్వాంగ్జు ఘటన' అన్నదీ వాళ్లదే. ప్రజాస్వామ్య ఉద్యమం అని ప్రభుత్వం చేత అనిపించడానికే ఎనిమిదేళ్లు పట్టింది. జనం మాత్రం తేదీతో పిలుస్తారు, ఓ-ఇల్-పల్, ఐదు-ఒకటి-ఎనిమిది అని.

చివరి అధ్యాయం తీసెయ్. మన ఉద్యమాలన్నిటితో పోల్చి రాసింది. నీ ఉద్దేశం మంచిదే కానీ, ప్రతి ఊరి కథనీ మన ఊరి కథకి ఉపోద్ఘాతం చేయనక్కర్లేదు. మన దేశం ప్రస్తావన కావాలంటే నిజంగా ఉన్నది ఒకటి చాలు: 2007లో గ్వాంగ్జు మానవ హక్కుల బహుమతి మణిపూర్ ఇరోమ్ షర్మిలకి ఇచ్చారు. తీసేసిన అధ్యాయం స్థానంలో 2024 డిసెంబర్ 3 రాత్రి పెట్టు. అధ్యక్షుడు టీవీలో మార్షల్ లా అనగానే, జనం చలిలో పార్లమెంటుకి పరిగెత్తారు. సభ్యులు కొందరు గోడలెక్కి లోపలికి దూకారు. 190 మంది ఓటేస్తే 190 మందీ ఎత్తేయమనే అన్నారు. తెల్లారేసరికి మార్షల్ లా లేదు. ఆ తర్వాత వారాల తరబడి వీధుల్లో నిలబడ్డ అమ్మాయిల చేతుల్లో ఉన్నవి కొవ్వొత్తులే కాదు, మీ పక్కింటి పిల్ల దగ్గరుండే లాంటి కచేరీ లైట్‌స్టిక్‌లు. ఆ పిల్లకి ఈ పేజీ ముందు చదివి వినిపించు, ఎక్కడ ఫోన్ తీసిందో గుర్తు పెట్టుకో.

అన్నట్టు, గ్వాంగ్జులో 518 నంబరు సిటీ బస్సు ఉంది, మే 18 శ్మశానవాటిక మీదుగా వెళ్తుంది. పుస్తకం ఆ బస్సెక్కి మొదలవ్వొచ్చేమో ఆలోచించు. నీకు నచ్చకపోతే వద్దు.

మొదటి రెండు అధ్యాయాలు తిరగరాసి పంపు. ఈసారి ప్రింటు కాస్త పెద్ద అక్షరాల్లో తీయించు, నా కళ్లజోడు మార్చాలి, ఇంకా తీరలేదు. మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు