ఆటిజం ఉన్న మా బాబును ఎంపీసీలో చేర్పించాలా?

ప్రశ్న: మా బాబుకు పదహారో ఏడు. నాలుగేళ్లప్పుడు ఆటిజం అని డాక్టరు చెప్పారు. ఇప్పుడు పదో తరగతి. లెక్కల్లో డెబ్బై మార్కులు దాటతాయి, తెలుగు, సోషల్ గట్టెక్కడమే కష్టం. ఖమ్మం మీదుగా పోయే రైళ్లన్నీ టైముతో సహా చెప్పేస్తాడు కానీ, ఎవరైనా "బాగున్నావా నాన్నా" అంటే బదులివ్వడు. మిక్సీ చప్పుడుకే చెవులు మూసుకుంటాడు. ఎంపీసీలో వేసి హాస్టల్లో పెట్టమని మా మరిది పోరుతున్నాడు. నలుగురిలో పడితే వాడే సర్దుకుంటాడట. వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఇంతవరకు తీసుకోలేదు. రేపు పాప పెళ్లికి అడ్డమవుతుందని అత్తగారి భయం. మా తర్వాత వాడి సంగతేంటో అనుకుంటే రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు హాస్టల్ మాట పక్కన పెట్టేయండి. మిక్సీ చప్పుడే భరించలేని పిల్లవాణ్ణి వందమంది తినే మెస్సులో, తెల్లవారుజామున మొదలై రాత్రి పది దాకా సాగే స్టడీ అవర్లలో పెడితే సర్దుకోవడం ఉండదు. ఉన్న నాలుగు మాటలూ మానేస్తాడు. మీ మరిదిగారు ప్రేమతోనే అంటున్నారు, కాదనను. కానీ ఆటిజం మొహమాటం లాంటిది కాదు, జనంలో పడేస్తే పోవడానికి. చప్పుడు, వెలుతురు, మనుషుల మాట వాడి మెదడుకు చేరే తీరే వేరు.

లెక్కల్లో డెబ్బై వస్తున్నాయి కదా, ఎంపీసీ ఎందుకు వద్దు అని అడుగుతారు. లెక్కలు రావడం వేరు, రెండేళ్లలో ఫిజిక్స్, కెమిస్ట్రీ సిలబస్ మింగి ఎంట్రన్సుల పరుగులో నిలవడం వేరు. ఇంటర్ చదివించండి, కానీ ఓపెన్ స్కూల్లో. జాతీయ ఓపెన్ స్కూల్లో సబ్జెక్టులు మనమే ఎంచుకోవచ్చు. డేటా ఎంట్రీ, హోమ్ సైన్స్, పెయింటింగ్ లాంటివీ ఉంటాయి. ఒకసారి రిజిస్టర్ అయితే 5 ఏళ్లలో 9 సార్లు పరీక్ష రాసే వీలుంది కాబట్టి ఏడాదికి రెండు సబ్జెక్టులు రాసినా నష్టం లేదు. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ వివరాలు కూడా తెలుసుకుని, మీకు దగ్గర్లో ఏ స్టడీ సెంటర్ ఉందో చూసి తేల్చుకోండి. ఇప్పటి పదో తరగతి పరీక్షకు అదనపు సమయం, రాసిపెట్టే మనిషి సౌకర్యం కోసం హెడ్‌మాస్టరు గారితో ఈ వారమే మాట్లాడండి. ఆఖరి నిమిషంలో అడిగితే ఆ కాగితాలు కదలవు.

ఆ కాగితాలకు సర్టిఫికెట్ కావాలి. దీని గురించి మీ అత్తగారి దగ్గర కూర్చుని నెమ్మదిగా మాట్లాడండి. ఆవిడ భయం ఉత్తుత్తిది కాదు, మన ఊళ్లలో సంబంధాలు ఎలా మాట్లాడుకుంటారో ఆవిడ చూసింది. కానీ వాడి సంగతి ఎదిరింటి వాళ్లకు ఇప్పటికే తెలుసు. సర్టిఫికెట్ కొత్తగా బయటపెట్టేదేమీ లేదు. అన్నయ్యను దాచిపెట్టి చేసిన పెళ్లిలో మీ పాప ఎంత సుఖంగా ఉంటుందో కూడా ఆలోచించండి. కాగితం లేకపోతే వాడు పోగొట్టుకునేవి మాత్రం చాలా ఉన్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు తేలితే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో వికలాంగులకు కేటాయించిన 5 శాతం సీట్లలో పోటీ పడవచ్చు, వయసులో 5 ఏళ్ల సడలింపు ఉంటుంది. అంటే ఓపెన్ ఇంటర్‌కు నాలుగేళ్లు పట్టినా పై చదువుల తలుపు మూసుకుపోదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం ఉంది. అందులో ఒక శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్లు అందరూ పంచుకోవాలి. పైగా ఆ పోస్టు వాళ్లకు తగినదని గుర్తించి ఉండాలి. అప్లై చేయించండి, కానీ ఇల్లంతా ఆ ఒక్క ఆశ మీదే నిలబెట్టకండి.

ఇక రైళ్ల సంగతి. రైళ్లంటే ఇష్టం కాబట్టి రైల్వే ఉద్యోగం అనుకోకండి. ఆ ఇష్టం అడుగున ఏముందో చూడాలి. వరుస తప్పని జ్ఞాపకం, అంకెల మీద పట్టు, ఒక్కటి తేడా వచ్చినా కనిపెట్టే కన్ను. మందుల షాపులో ఎక్స్‌పైరీ తేదీలు చూసి స్టాకు సర్దడానికి, లైబ్రరీలో పుస్తకాలు నంబర్ల వారీగా పెట్టడానికి, ఆఫీసుల్లో పాత ఫైళ్లు స్కాన్ చేసి ఎక్కించడానికి, డేటాలో తప్పులు పట్టడానికి ఇదే కావాలి. ఎస్ఏపీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 2013 నుంచి ఆటిజం ఉన్నవాళ్ల కోసమే ప్రత్యేకంగా నియామకాలు చేపట్టింది. ఇలాంటి చోట్లు ఇప్పటికీ తక్కువే, అయినా ఉన్నాయి.

అయితే ఉద్యోగం నిలవడానికి డిగ్రీ కన్నా పెద్దది ఇంకొకటి ఉందమ్మా. నేను సలహా ఇచ్చిన ఒక అబ్బాయికి డేటా ఎంట్రీలో తప్పనేది రాదు. రెండు వారాలకే మానేశాడు. ఆరా తీస్తే కారణం పని కాదు, మధ్యాహ్నం క్యాంటీన్ గోల. ఆ గోల ఎక్కువగా ఉందని చెప్పడం వాడికి రాలేదు. భోజనం అరగంట ముందు పెట్టించుకుంటే సరిపోయేది, ఆ మాట అడిగేవాళ్లు లేకపోయారు. అది నాకిప్పటికీ బాధే. అందుకే రాబోయే రెండేళ్లలో మీ బాబు మూడు మాటలు నేర్చుకోవాలి. "నాకు అర్థం కాలేదు", "చప్పుడు ఎక్కువగా ఉంది", "కాసేపు బయటికి వెళ్తాను". నోటితో రాకపోతే జేబులో కార్డు మీద రాసి చూపించినా చాలు. గడ్డం గీసుకోవడం, టిఫిన్ బాక్సు కడుక్కోవడం, చిల్లర లెక్కపెట్టి తీసుకోవడం, రోజూ ఒకే బస్సెక్కి ఒకే స్టాపులో దిగడం, ఇవన్నీ చదువులో భాగమే అనుకోండి. తెలిసినవాళ్ల కిరాణా షాపులో రోజుకు ఒక గంట సరుకులు సర్దే పని అడగండి. అక్కడ వాడు ఎక్కడ ఆగిపోతున్నాడో గమనించి రాసి పెట్టుకోండి.

మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్నకు ఒక్క కాగితంతో జవాబు దొరకదు. కానీ చేయవలసిన పనులున్నాయి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం ఉన్నవాళ్లకు నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా. పద్దెనిమిది నిండాక, సొంతంగా నిర్ణయాలు తీసుకోలేడని తేలితేనే, జిల్లా కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీ ద్వారా చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించుకోవచ్చు. పాపకు ఇప్పటి నుంచే "అన్నయ్య బాధ్యత నీదే" అని చెప్పకండి. తన చదువు, తన బతుకు తనకున్నాయి. ఇష్టంతో తోడుంటే మంచిదే.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. ఆటిజం ఎంత ఉందో కొలవడానికి దేశమంతా వాడే ఇసా పట్టిక అక్కడే తయారైంది. పరీక్షలయ్యాక బాబును ఒకసారి తీసుకెళ్లి, ఏ పనికి తగినవాడో అసెస్‌మెంట్ చేయించండి. ఆ ప్రయాణం ప్లాన్ వాణ్ణే వేయనివ్వండి. శాతవాహనా, గోల్కొండా, ఏ బండికి పోవాలో, స్టేషన్‌కు ఎన్నింటికి బయల్దేరాలో వాడే కాగితం మీద రాయాలి. టికెట్ కౌంటర్లో డబ్బులు వాడే ఇవ్వాలి. మీరు రెండడుగులు వెనక నిలబడండి. క్యూలో వెనకవాళ్లు తొందరపెట్టినా సరే, వాడు చిల్లర లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకునే దాకా కలగజేసుకోకండి.