ఆకాశం ముక్కలు ఆఖరికి

ప్రశ్న: మేం కొన్న జిగ్సా పజిల్ డబ్బా మీద 1000 ముక్కలని ఉంది. పిల్లలు లెక్కపెడితే 1026 తేలాయి. వేరే డబ్బావి కలిసిపోయాయా?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: ఏమీ కలవలేదు, పిల్లల లెక్క సరైనదే. 70 సెం.మీ. పొడవు, 50 సెం.మీ. వెడల్పు అట్టను 38 నిలువు వరసలు, 27 అడ్డ వరసలుగా కోస్తే ముక్కలు దాదాపు చదరంగా వస్తాయి. 38ని 27తో గుణిస్తే 1026. అంచు ముక్కలు 126 ఉండాలి, మూలలు నాలుగు వాటిలోనివే. ముందు వాటిని లెక్క చూసుకోండి.

ప్రశ్న: క్లాడ్ లొరేన్ గీసిన షేబా రాణి ఓడరేవు బొమ్మ పేరుస్తున్నాం. మేడలు, ఓడలు అయిపోయాయి. ఆకాశం, నీళ్లు రెండూ పసుపే. రెండు వారాలుగా కదలడం లేదు.
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: ఆ పసుపులోనే దారి ఉంది. 1648 నాటి ఈ చిత్రం ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఇందులో వెలుగంతా మధ్యలో, సముద్రం అంచు మీద పొడిచే సూర్యుడి నుంచే వస్తుంది. సూర్యుడి దగ్గర తెల్లటి పసుపు, దూరం పోయేకొద్దీ మసక, పైఅంచుకు చేరేసరికి నీలం. కాబట్టి ఆకాశం ముక్కలను నాలుగైదు పళ్లేలలో ఛాయల వారీగా వేరు చేయండి. ఇది పగటి వెలుతురులో చేసే పని. రాత్రి పసుపు బల్బు కింద అన్ని ముక్కలూ ఒకేలా కనిపిస్తాయి.

నీళ్ల ముక్కల మీద అలల అడ్డగీతలు ఉంటాయి. ఆకాశంలో రంగు గీత లేకుండా కరిగిపోతుంది. అనుమానం వస్తే ముక్కను వాలుగా పట్టి చూడండి. నీళ్లు ముందు పూర్తి చేసి, ఆకాశాన్ని ఆఖరికి ఉంచండి.

ఛాయ కూడా తేలనప్పుడు ఆకారం పట్టుకోవాలి. లోపలి ముక్కకు బుడిపెలు నాలుగు, మూడు, ఎదురెదురుగా రెండు, పక్కపక్కన రెండు, ఒకటి, అసలు లేనిది – మొత్తం ఆరు రకాలు. మిగిలిన ముక్కలను ఈ రకాల వారీగా పళ్లేలలో వేరు చేయండి. ఖాళీ చుట్టూ ఉన్న గుంటలు చూసి ఆ రకం పళ్లెంలోంచే తీసి పెట్టి చూడండి. బలవంతంగా నొక్కకండి. ఆకాశంలో తప్పు ముక్క కూడా పట్టేస్తుంది. నాలుగు ముక్కలు కలిసే మూల దగ్గర చిన్న సందు కనబడితే వాటిలో ఒకటి తప్పుడుదే. మీదీ పైన చెప్పిన 1026 ముక్కల కోతే అయితే పైఅంచు పొడవునా 38 ముక్కలు ఉన్నాయో లేదో కూడా చూడండి, అక్కడ తప్పితే ఆకాశం ఎన్నటికీ కుదరదు.

ఎండాకాలంలో కూలర్ గాలి నేరుగా తగిలేచోట పజిల్ పెట్టకండి. ఆ తేమకు అట్ట ఉబ్బి, ముక్కలు పట్టవు, పైకాగితం లేస్తుంది.

ప్రశ్న: పూర్తయిన పజిల్‌కు ఫ్రేమ్ కట్టించాలి. ఫెవికాల్ పూస్తే వంకర తిరుగుతుందా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: నీళ్లు ఎక్కువైతే తిరుగుతుంది. రెండు ప్లైవుడ్ పలకల మధ్య నొక్కిపట్టి తిరగేసి, వెనక వైపు పూయడం మేలు. మూడు వంతుల ఫెవికాల్‌కు ఒక వంతు నీళ్లు చాలు, పాత ఏటీఎం కార్డుతో పలచగా గీకండి. కింద బటర్ పేపర్ వేయకపోతే సందుల్లోంచి కారిన జిగురుకు బొమ్మ పలకకు అతుక్కుంటుంది. ఆరాక 3 మి.మీ. హార్డ్‌బోర్డుకు అతికించి, పైన సమంగా బరువు పెట్టి ఒక రోజంతా ఉంచండి. మీ ఊళ్లో బియ్యం మూటకు కరువు లేదు కదా! పడమటి ఎండ పడే గోడకు మాత్రం తగిలించకండి, రంగు వెలిసిపోతుంది.