మాత్రలు మానేస్తానన్నావుగా, అందుకే ఈ ఉత్తరం

అమ్మా బుజ్జీ,

డిప్రెషన్‌కి మాత్రలు మొదలుపెట్టి పది రోజులైంది, తేడా ఏమీ లేదు, పైగా కడుపులో తిప్పుతోంది, మానేస్తానని నిన్న ఫోన్లో అన్నావు. పక్కన మీ మామయ్య ఫ్రెండ్స్ కూర్చుని ఉంటే సరిగా జవాబు చెప్పలేకపోయాను. మానకు తల్లీ.

నువ్వు ఇంటర్ చదివేటప్పుడు నేను రెండేళ్లు ఎవరింటికీ రాలేదు, గుర్తుందా? మోకాళ్ల నొప్పులని అందరికీ చెప్పుకున్నాం. అది డిప్రెషన్. బ్రాడీపేట ఇంట్లో వెనక గదిలో గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. ఆ రెండు వేసవులూ మా ఇంట్లో ఆవకాయ పెట్టలేదు. డాక్టరు గారు ముందు థైరాయిడ్ పరీక్ష రాశారు. అది తక్కువైనా మనిషి ఇలాగే అయిపోతాడట. నీకు చేశారా? లేకపోతే అడుగు.

మొదటి వారం నాకూ వికారమే. అన్నం తిన్నాక వేసుకుంటే కాస్త నయమనిపించింది. ఈ మందులు పని మొదలుపెట్టడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది, కొందరికి 6 వారాలు కూడా. ఇబ్బంది ముందొస్తుంది, గుణం తర్వాత కనిపిస్తుంది.

ఒకరోజు మధ్యాహ్నం దోసకాయ పప్పు కలుపుకుని తింటున్నాను. మొదటి ముద్దకే ఉప్పు తక్కువైందనిపించింది. లేచి ఉప్పు డబ్బా తెచ్చుకుని మళ్లీ కంచం ముందు కూర్చున్నాక తట్టింది, ఎన్ని నెలలకు నాకు రుచి తెలిసిందా అని. కళ్లమ్మట నీళ్లొచ్చాయి. మనసింకా మబ్బుగానే ఉంది. నాకు ముందు నిద్ర, ఆకలి తేరుకున్నాయి. సంతోషం చాలా ఆలస్యంగా వచ్చింది. నువ్వూ ప్రస్తుతానికి నిద్రెలా ఉందో, అన్నం ఎంత తింటున్నావో చూసుకో.

రెండు నెలలకు బాగైపోయాననుకున్నాను. ఈ మాత్రలు అలవాటైపోతాయని ఒక బంధువు భయపెడితే ఎవరికీ చెప్పకుండా ఆపేశాను. నాలుగు రోజులు తల తిరిగింది. నెల తిరక్కుండానే మళ్లీ అదే గది, అదే గోడ. రెండోసారి లేవడానికి ఇంకా కష్టపడ్డాను. బాగైన తర్వాత కూడా కనీసం 6 నెలలు వాడాలని, డాక్టరే మెల్లగా తగ్గిస్తారని అప్పుడు తెలుసుకున్నాను. నా తప్పు నువ్వు చెయ్యకు.

మూడ్ వచ్చాక నడకకు వెళ్తానంటున్నావు. మూడ్ దానంతటది రాదు బుజ్జీ. చెప్పులేసుకుని సత్యనారాయణపురంలో మీ వీధి చివరిదాకా వెళ్లిరా, చాలు. మర్నాడు ఒక కొత్తిమీర కట్ట కొనుక్కురా. దుర్గమ్మకు మొక్కుకుంటానంటే మొక్కుకో, నేనూ మొక్కుకున్నాను. మాత్ర మాత్రం వేసుకునే కొండెక్కు.

“నీకేం లోటే” అని మీ అమ్మ అంటే బాధపడకు. వదినతో నేను మాట్లాడతాను.

బతకాలని లేదనే ఆలోచన వస్తే దాచుకోకు. మాత్రల అట్టలు అమ్మ చేతికిచ్చేసి, అర్ధరాత్రైనా నాకు ఫోన్ చెయ్యి. నేను ఎత్తకపోతే 14416కి చెయ్యి. మనసు బాగాలేనివాళ్ల కోసం 2022లో ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ ఫోన్ లైను అది. రాత్రీపగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

శుక్రవారం నువ్వు డాక్టరుకు చూపించుకోవాలి కదా. వికారం ఎప్పుడొస్తోందో, తెల్లవారుజామున ఎన్నింటికి మెలకువ వస్తోందో ఒక కాగితం మీద రాసి ఉంచు. అక్కడ కూర్చున్నాక ఒక్కటీ గుర్తు రాదు. నేను పొద్దున్నే గుంటూరులో బస్సెక్కుతాను. సూర్యారావుపేటకు ఇద్దరం కలిసే వెళ్దాం.

మీ అత్త