రన్‌వే ఖాళీ అనుకుని దిగమంటే...

ప్రశ్న: 2024 జూన్‌లో ముంబయిలో ఒక విమానం లేస్తుండగానే వెనకే ఇంకోటి అదే రన్‌వే మీద దిగిన వీడియో చూశాం. టవర్‌లో ఉన్నవాళ్లకి రన్‌వే అంతా కనిపిస్తుంది కదా, ఇలా ఎలా జరుగుతుంది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అంతా కనిపిస్తుందనుకోవడమే పొరపాటు. 1991 ఫిబ్రవరి 1, లాస్ ఏంజెలెస్. చీకటి పడ్డాక మెట్రోలైనర్ అనే ఒక చిన్న ప్రయాణికుల విమానాన్ని ‘24 లెఫ్ట్’ అనే రన్‌వే ఎక్కి ఆగమంది టవర్‌లోని కంట్రోలర్. అదీ రన్‌వే మొదట్లో కాదు, మధ్యలో టాక్సీవే (విమానాలు రన్‌వేకి నడిచివెళ్లే దారి) వచ్చి కలిసేచోట. ఈలోగా మరో మెట్రోలైనర్ టేకాఫ్‌కి సిద్ధమంది. దాని వివరాలుండే కాగితం స్ట్రిప్ ఆమె బల్ల మీదికి రాలేదు. ఆ గందరగోళంలో ఆగి ఉన్న విమానం మాట మరిచి, బోయింగ్ 737కు అదే రన్‌వే మీద దిగడానికి అనుమతిచ్చేసింది. ఆ కలిసేచోట దీపస్తంభాల వెలుగు టవర్‌లోంచి చూపుకి అడ్డం. నేల మీది విమానాలను చూపే రాడార్ పనిచేయడం లేదు. 737 పైలట్లకేమో ముందున్న విమానం తోక దీపం రన్‌వే దీపాల్లో కలిసిపోయింది. ఆగి ఉన్న విమానాన్ని 737 గుద్దేసింది. రెండింటిలో కలిపి 35 మంది పోయారు.

అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ అసలు తప్పు టవర్ నిర్వహణదేనంది. ఒకరు మరిస్తే ఇంకొకరు పట్టుకునే ఏర్పాటు లేదని. సబబైన మాటే. మనిషన్నాక మరుస్తాడు. అందుకే రన్‌వే మీద విమానం ఉన్నంతసేపూ స్ట్రిప్ బోర్డులో ‘రన్‌వే ఆక్యుపైడ్’ గుర్తు అడ్డంగా పెట్టడం, అనుమతిచ్చే ముందు రన్‌వేని ఈ చివరనుంచి ఆ చివరదాకా కళ్లతో చూడడం, ఇచ్చిన అనుమతిని పైలట్ తిరిగి చెప్పినప్పుడు ఆ మాటను చెవిపెట్టి వినడం. మూడోది రద్దీలో ముందుగా జారిపోతుంది.

యంత్రం ఉంటే చాలదు. 2024 జనవరి 2న టోక్యో హనేదాలో కోస్ట్‌గార్డ్ విమానం అనుమతి లేకుండా రన్‌వే ఎక్కింది. టవర్‌లోని తెర మీద హెచ్చరికగా రంగు మారింది, శబ్దం మాత్రం రాలేదు. కంట్రోలర్ గమనించలేదు. దిగుతున్న ఎయిర్‌బస్ గుద్దేసింది. అందులోని 379 మందీ బయటపడ్డారు, కోస్ట్‌గార్డ్ విమానంలో ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు.

ప్రశ్న: దిగబోతూ మళ్లీ పైకి లేపేస్తే ప్రమాదమా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కాదు, ప్రమాదాన్ని తప్పించే పని. దాన్నే గో అరౌండ్ అంటారు. ఇంజన్ల శక్తి పెంచి, ముక్కు ఎత్తి, ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి చాచే పలకలు) కొంత వెనక్కి తీసి, ఎత్తు పెరుగుతోందని తేలాకే చక్రాలు లోపలికి లాగుతారు. ఆ హడావుడిలో కాక్‌పిట్ నుంచి ప్రకటన ఆలస్యమవుతుంది, కంగారు పడకండి.