పాత పిస్టల్ తూటా అందుకోకపోతే: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

డాలస్‌లో నువ్వు కొన్న పాత 1911 మోడల్ పిస్టల్ రెండు మ్యాగజైన్లకు (తూటాలు నింపి పిడిలో దూర్చే డబ్బాలకు) ఒకసారైనా తూటా అందుకోకుండా ఆగిపోతోందనీ, లోపలి ర్యాంపును (తూటా బ్యారెల్‌లోకి ఎక్కే ఏటవాలును) నునుపు చేయడానికి చిన్న డ్రిల్లు కొనబోతున్నాననీ రాశావు. ఆ డ్రిల్లు కొనవద్దు. ఇరవై ఏళ్ల కిందట నేను హ్యూస్టన్‌లో సరిగ్గా అదే పని చేశాను. ఫ్రేములోని (పిస్టల్ చట్రంలోని) ర్యాంపు చివరకూ బ్యారెల్ (గొట్టం) అంచుకూ మధ్య దాదాపు 0.8 మిల్లీమీటర్ల చిన్న మెట్టు ఉండాలని తెలియక దాన్ని అరగదీసేశాను. దాంతో తూటా ముందు భాగమైన గుండు మొన నేరుగా బ్యారెల్ కింది అంచుకు తగలడం మొదలై, అంతకుముందు అప్పుడప్పుడూ ఆగే పిస్టల్ ప్రతి మ్యాగజైనుకూ ఆగసాగింది. చివరికి తేలిన అసలు దోషి మ్యాగజైను. తీసేసిన లోహం తిరిగి రాదు కాబట్టి, ఆకురాయి పట్టే పని అన్నిటికన్నా ఆఖరున, అదీ తుపాకీ మెకానిక్కు చేతుల మీదుగా జరగాలి.

గ్రీన్ కార్డు వచ్చాకే కొన్నావని తెలిసి సంతోషించాను. వీసా మీద ఉన్నవారికి, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టం తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్నే నిషేధిస్తుందన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఇంట్లో పరీక్షించేటప్పుడు మందు లేని డమ్మీ తూటాలే వాడు, అసలువి ఆ గదిలోనే ఉంచకు. పిస్టల్ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ముందు మ్యాగజైను తీసి, తరువాత స్లైడు (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగం) వెనక్కి లాగి, చాంబరును (తూటా కూర్చునే బ్యారెల్ వెనుక చివరను) కంటితో చూసి, వేలితో తడిమి మరీ నిర్ధారించుకో. ఈ రెండింటి వరుస మారితే చాంబరులోకి ఇంకో తూటా ఎక్కుతుంది.

ఇక అసలు విషయానికి వస్తే, ఆగిపోయిన క్షణంలో కంగారుపడి స్లైడును గుంజవద్దు. గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి, వేలు ట్రిగ్గరుకు దూరంగా పెట్టి, తూటా ఏ భంగిమలో చిక్కుకుందో చూడు. గుండు మొన కిందికి వాలి ర్యాంపుకు గుద్దుకుని ఉంటే ముందు మ్యాగజైనునే అనుమానించాలి. మొన పైకి లేచి చాంబరు పైకప్పుకు ఆనుకుని, స్లైడు సగంలో ఆగితే ఎక్స్‌ట్రాక్టరు (తూటా అంచును పట్టి లాగే కొక్కెం) మీదకు అనుమానం మళ్లుతుంది. స్లైడు చివరి రెండు మూడు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతే మురికి చాంబరో, నీరసించిన రికాయిల్ స్ప్రింగో (స్లైడును ముందుకు తోసేది), కొలత తప్పిన తూటానో అయి ఉంటుంది. ఒకవేళ పేలుడు శబ్దం మామూలుకన్నా మెత్తగా వినిపిస్తే, గుండు బ్యారెల్‌లోనే ఉండిపోయి ఉండవచ్చు కనుక, గొట్టం ఖాళీగా ఉందని చూసుకోకుండా ఇంకో తూటా పేల్చవద్దు.

పాత పిస్టల్‌తో వచ్చే మ్యాగజైన్లు ఎవరెవరి చేతుల్లో కిందపడ్డాయో మనకు తెలియదు. తూటాను పట్టి ఉంచే, లోపలికి వంగిన పై అంచులు కాస్త విచ్చుకున్నా తూటా ముందుగానే వదులైపోతుంది. మ్యాగజైను స్ప్రింగు నీరసిస్తే స్లైడు ముందుకు వచ్చే వేళకు తూటా పైకి లేచి ఉండదు. ఈ లోపం తరచుగా చివరి ఒకటి రెండు తూటాల దగ్గర బయటపడుతుంది. నీ మ్యాగజైన్ల అడుగున పెయింటుతో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి, ఏది ఎన్నోసారి ఆగిందో పుస్తకంలో రాసుకుంటే, నేరస్థుడు సాధారణంగా రెండు వందల తూటాల లోపలే దొరుకుతాడు. మంచి పేరున్న కొత్త మ్యాగజైను ఒకటి కొనడం నీ మొదటి ఖర్చు కావాలి.

తూటా సంగతి కూడా చూడాలి. జాన్ బ్రౌనింగ్ రూపొందించి, అమెరికా సైన్యం 1911 మార్చి 29న స్వీకరించిన ఈ పిస్టల్, గుండ్రటి మొన గల 230 గ్రెయిన్ల (సుమారు 15 గ్రాముల) .45 ఏసీపీ రకం గుండును దృష్టిలో ఉంచుకుని తయారైంది. మొన బోలుగా, వెడల్పు నోరుతో ఉండే హాలో పాయింటు తూటాను కొన్ని పాత పిస్టల్స్ ఇష్టంగా తినవు. అందుచేత పరీక్షంతా ఫ్యాక్టరీ బాల్ (గుండ్రటి మొన) తూటాలతోనే చెయ్యి. ఎవరో ఇంట్లో నింపి ఇచ్చిన తూటాలైతే పక్కన పెట్టు.

రికాయిల్ స్ప్రింగు చౌక వస్తువు, చూడకుండానే మార్చేయవచ్చు. ఐదంగుళాల బ్యారెల్ గల గవర్నమెంట్ మోడలుకు (1911 అసలు సైజుకు) 16 పౌండ్ల బిగువుది సరిపోతుంది. పాత యజమానులు గట్టిదైతే మేలనుకుని ఎక్కువ పౌండ్లది వేస్తుంటారు. అలా వేస్తే స్లైడు తగినంత వెనక్కి వెళ్లకుండానే తిరిగి వచ్చేస్తుంది.

అప్పటికీ ఆగుతుంటే ఎక్స్‌ట్రాక్టరు. 1911లో ఇది తనకు తానే స్ప్రింగుగా పనిచేసే పొడవైన ఉక్కు కడ్డీ. తూటా మ్యాగజైను నుంచి పైకి జారుతూ, దాని అంచు ఈ కడ్డీ కొక్కెం కిందికి చేరాలి. చాంబరులోకి తూటాను చేత్తో జారవిడిచి స్లైడు మూసే దురలవాటు పాత యజమానికి ఉంటే, కొక్కెం పక్కకు ఎగిరి ఎగిరి దాని బిగువు పోతుంది. స్లైడు విడదీసి, కొక్కెం కింద పేరుకున్న మసి, ఇత్తడి రజను తీసేసి, డమ్మీ తూటా అంచును కొక్కెం కిందికి జార్చు. స్లైడును మెల్లగా ఊపినా అది పడిపోకూడదు, అలాగని దూర్చడానికి బలం వాడవలసి రాకూడదు. బిగువు తేడాగా ఉంటే కడ్డీని నువ్వు వంచబోకు, అది అనుభవం ఉన్నవాడి చేతి పని.

నీ పట్టు సంగతి కూడా అడగాలి. మణికట్టు వదులుగా ఉంటే దెబ్బ బలం చేతిలోకే పోయి స్లైడు పూర్తిగా వెనక్కి వెళ్లదు. ఈ మాటకు నొచ్చుకోకు. రేంజిలో అనుభవజ్ఞుడొకరిని అదే మ్యాగజైనుతో, అవే తూటాలతో కాల్చమను. అతని చేతిలో ఆగకపోతే పిస్టల్‌ది తప్పు కాదు.

ఇవన్నీ ఒకేసారి మార్చావంటే ఏది పనిచేసిందో ఎన్నటికీ తెలియదు. వచ్చే శనివారం కొత్త మ్యాగజైను మాత్రమే వేసి, వంద బాల్ తూటాలు కాల్చి, ఆగిన ప్రతిసారీ మ్యాగజైను అంకె, ఎన్నో తూటా, మొన ఎటు ఉంది అన్న మూడు వివరాలు రాసి నాకు పంపు. స్ప్రింగు కొనాలో, మెకానిక్కు దగ్గరకు పోవాలో ఆ కాగితం చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య