నకలు దింపే ముందు

అమ్మడూ,

మీ నాన్న ఫోను చేశాడు. ఈసారి ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ కార్డుల ఆట ప్రపంచ చాంపియన్‌షిప్‌ను నువ్వు మొదటి రౌండు నుంచి ఫైనల్ దాకా వదలకుండా చూస్తావట. గెలిచిన డెక్‌ను, అంటే విజేత ఆడిన కార్డుల కట్టను, ఉన్నదున్నట్టు కట్టుకుని, ఆ వెంటనే వచ్చే పోటీకి వెళతావట. చెబుతున్నంతసేపూ వాడి గొంతులో ఫిర్యాదే, కానీ ఆ ఫిర్యాదు వెనక మురిపెం దాగలేదు. నాకూ అంతే. ఇన్నాళ్లకు మన ఇంట్లో ఇంకో మనిషి ఈ కార్డుల్లో పడిందని సంబరపడ్డాను. ‘ఉన్నదున్నట్టు’ అన్న మాట దగ్గర మాత్రం గుండె గతుక్కుమంది. ఫోనులో చెబితే నువ్వు ‘సరే అత్తా, సరే అత్తా’ అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను, కుదురుగా కూర్చుని చదువు.

మామూలు సంగతులు ముందే ముగిస్తాను. నిద్ర చెడగొట్టుకోకు, ఆటల రికార్డింగులు మర్నాడు కూడా ఉంటాయి. డెక్‌లో కనీసం 60 కార్డులు, ఆటకూ ఆటకూ మధ్య మార్చుకునే సైడ్‌బోర్డ్‌లో 15 దాకా, కార్డులు ఆడటానికి మానా అనే ఇంధనమిచ్చే బేసిక్ ల్యాండ్‌లు తప్ప ఏ కార్డయినా రెండింట్లో కలిపి నాలుగుకు మించకూడదు. ఇది నీకు నేను చెప్పాలా? కార్డులకు తొడిగే స్లీవ్‌లు కొత్తవి వేసుకో. ఫైనల్ అయిన వారంలో కార్డులు కొనకు, ధర అప్పుడే మండిపోతూ ఉంటుంది.

ఇక అసలు సంగతి. 1996లో ప్రపంచ విజేత టామ్ చాన్‌ఫెంగ్ అనే ఆస్ట్రేలియా ఆటగాడు. ఆయన ఆడింది వైట్ వీనీ. తక్కువ ఖర్చుతో దిగే చిన్న చిన్న తెల్ల జీవులు గుంపుగా మీదపడి, ఎదుటివాడు సర్దుకునేలోపే పని ముగించే రకం డెక్ అది. అందులో వైట్ నైట్ లాంటి వీరులున్నారు. వైట్ నైట్‌కు నలుపు నుంచి రక్షణ ఉంటుంది. నల్ల మంత్రాలు అతన్ని గురిపెట్టలేవు, నల్ల జీవులు అతనికి అడ్డు నిలవలేవు. ఎదుటివాడు నలుపు ఆడితే పండగే. ఎరుపు ఆడితే మాత్రం ఆ రక్షణ ఉండీ దండగే.

అలాంటప్పుడు పనికొచ్చే కార్డు ఒకటుంది, పేరు స్లైట్ ఆఫ్ మైండ్. ఒక కార్డు మీద రాసి ఉన్న రంగు పేరును అది ఇంకో రంగుగా మార్చేస్తుంది. ‘నలుపు నుంచి రక్షణ’ అన్నది ‘ఎరుపు నుంచి రక్షణ’ అయి కూర్చుంటుంది. ఎదుటివాడి లెక్కలన్నీ ఒక్క దెబ్బకు తారుమారు. దీనికయ్యే ఖర్చు ఒకే ఒక్క నీలి మానా. తెల్ల డెక్‌లోకి నీలి మానా ఎక్కడి నుంచి వస్తుందంటావా? అడార్కర్ వేస్ట్స్ అనే ల్యాండ్ తెలుపూ ఇస్తుంది, నీలమూ ఇస్తుంది. రంగు తీసుకున్నప్పుడల్లా ఒక లైఫ్ పాయింటు మాత్రం కొరుక్కు తింటుంది. చాన్‌ఫెంగ్ స్లైట్ ఆఫ్ మైండ్ పెట్టుకున్నాడు. దాన్ని ఆడించే అడార్కర్ వేస్ట్స్‌ను పోటీకి ఇచ్చిన జాబితాలో రాయడం మరిచిపోయాడు.

అర్థమైందా? ప్రపంచ చాంపియన్‌షిప్‌లో, ప్రపంచంలోని మేటి ఆటగాళ్ల మధ్య, ఆడే దారి లేని కార్డును డెక్‌లో పెట్టుకుని నెట్టుకొచ్చాడు. అది చేతికొచ్చిందంటే ఒక కార్డు తక్కువతో ఆడుతున్నట్టే. అయినా ఫైనల్లో అమెరికా ఆటగాడు మార్క్ జస్టిస్‌ను ఓడించాడు. ఆ ఏటి విజేత కోసమని ఒకే ఒక్క ప్రతి అచ్చువేసిన కార్డు కూడా ఆయనకే దక్కింది.

ఈ కథ అందరూ నవ్వుతూ చెప్పుకుంటారు. గొప్ప ఆటగాడు ఒంటిచేత్తో అయినా గెలుస్తాడని కొందరు, అదృష్టం అంటే అదేనని కొందరు. నాకు నవ్వు రాదు. ఉద్యోగమంతా ఖాతాపుస్తకాలు తనిఖీ చేసినదాన్ని. పెద్ద తప్పులు ఎవరి కంటికైనా దొరుకుతాయి. రాయాల్సింది రాయకపోవడం అనే తప్పు ఉందే, అది పేజీ మీద కనిపించదు, అంకెలన్నీ వరసగా ముద్దుగా ఉంటాయి. చాన్‌ఫెంగ్ జాబితా అలాంటిదే. పైనుంచి కిందికి చదివితే లోపం తట్టదు. ‘ఈ నీలం కార్డుకు మానా ఎవరిస్తారు?’ అని అడిగితేనే తడుతుంది.

ఇప్పుడు నీ ‘ఉన్నదున్నట్టు’ దగ్గరికి వద్దాం. ఆ పోటీ అయిన మర్నాడు ఎవరైనా విజేత డెక్ అని ఆ జాబితాను ఒక్కో కార్డూ చూసి దించుకున్నారనుకో. చాంపియన్ తెలివితో పాటు చాంపియన్ మరుపు కూడా వాళ్ల డెక్‌లోకి దిగింది. చాన్‌ఫెంగ్‌కు కనీసం తాను ఏం మరిచిపోయాడో తెలుసు. నకలు దించినవాడికి అదీ తెలియదు. చేతిలో స్లైట్ ఆఫ్ మైండ్ పట్టుకుని, ఇందులో నాకు అంతుపట్టని మర్మమేదో ఉందనుకుంటూ కూర్చుంటాడు. నువ్వు అలా కూర్చుంటావేమోనని నా భయం. చిన్నప్పుడు లెక్కల పుస్తకం వెనక ఉన్న జవాబు చూసి రాసి, అది అచ్చుతప్పు అయినప్పుడు కూడా టీచరుతో వాదించిన పిల్లవి నువ్వు. కోప్పడకు, నిజమే కదా.

తప్పు లేని జాబితా అయినా సరే, గెలిచిన డెక్ అంటే ఆ హాలులో ఆ వారాంతంలో తలెత్తిన ప్రశ్నకు ఒకరు ఇచ్చిన జవాబు. ప్రశ్న తెలియకుండా జవాబు ఇంటికి తెచ్చుకుని ఏం చేస్తావు? 2004 చూడు. శాన్ ఫ్రాన్సిస్కోలో పోటీ. ఆ ఏడాది అందరి గుండెల్లో అఫినిటీ డెక్. బల్ల మీద ఎన్ని ఆర్టిఫాక్ట్‌లు, అంటే యంత్రాల్లాంటి కార్డులు, ఉంటే తర్వాతి కార్డులు అంత చవకవుతాయి కాబట్టి రెండు మూడు టర్నుల్లోనే బల్ల నిండిపోయేది. ఆ జూన్‌లో అందులోని బలమైన కార్డు స్కల్‌క్లాంప్‌ను నిషేధించినా డెక్ జోరు తగ్గలేదు. అలాంటి చోటికి నెదర్లాండ్స్ నుంచి జూలియన్ నౌటెన్ అనే 15 ఏళ్ల కుర్రాడు ఆకుపచ్చ, తెలుపు కలిపిన స్లైడ్ డెక్‌తో వచ్చాడు.

ఆస్ట్రల్ స్లైడ్ ఎలా పనిచేస్తుందో చెబుతాను, నాకు మహా ఇష్టమైన కార్డు. అది బల్ల మీద ఉండగా ఎవరైనా ఒక కార్డును సైకిల్ చేస్తే, అంటే పారేసి బదులు ఇంకోటి తీసుకుంటే, ఒక జీవిని ఆట నుంచి కాసేపు తప్పించవచ్చు. టర్ను చివర్లో అది తిరిగొస్తుంది. మీదికొస్తున్న జీవిని తప్పిస్తే దాడి అక్కడికి సరి. తన సొంత ఎటర్నల్ విట్‌నెస్ అనే జీవిని తప్పిస్తే, అది మళ్లీ దిగినప్పుడల్లా గ్రేవ్‌యార్డ్ అనే వాడేసిన కార్డుల కుప్ప నుంచి ఒక కార్డు చేతికొస్తుంది. ఒకే మీట, ఒకసారి కాపలా, ఒకసారి రాబడి. ఫైనల్లో ఆ కుర్రాడికి ఎదురుపడింది అఫినిటీనే. ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు.

2005 మార్చి వచ్చేసరికి అఫినిటీకి ఆయువుపట్టయిన ఆర్టిఫాక్ట్ ల్యాండ్‌లు, ఆర్క్‌బౌండ్ రావేజర్ అనే కార్డు, ఇటీవలి సెట్ల కార్డులతోనే ఆడే స్టాండర్డ్ పోటీల్లో నిషేధం పాలయ్యాయి. ఫైనల్ చూసి అఫినిటీ కొనుక్కున్నవాళ్ల డెక్ నడుము విరిగింది. స్లైడ్ కొనుక్కున్నవాళ్లకో? వాళ్ల జవాబు అలాగే ఉంది, ప్రశ్నే లేచిపోయింది. పైగా స్టాండర్డ్‌లో పాత సెట్లు ఎలాగూ వంతుల వారీగా తప్పుకుంటూ ఉంటాయి. కాబట్టి కట్టాలనుకునే డెక్‌లోని కార్డులు ఎప్పటిదాకా చెల్లుతాయో చూడకుండా డబ్బు తీయకు.

మీ నాన్న ఈ మాట నీకు చెప్పి ఉండడు, నేను చెబుతాను. పడుచు వయసులో వాడికీ ఇదే పిచ్చి. 1997 నుంచి 2004 దాకా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో బాగా ఆడినవాళ్ల డెక్‌లను కంపెనీయే పెట్టెల్లో అమ్మేది. కార్డు చుట్టూ బంగారు రంగు అంచు, కింద ఆ ఆటగాడి సంతకం, వెనక వైపు మామూలు కార్డులా కాకుండా వేరే అచ్చు. అంటే పోటీల్లో చెల్లవు. మీ నాన్న అలాంటి పెట్టె ఒకటి సంపాదించి, దీంతోనే పోటీకి వెళతానన్నాడు. చాంపియన్ సంతకమే ఉంది, ఇంతకన్నా అసలుది ఇంకేముంటుందని వాడి వాదన! నేను చెబితే వినలేదు. వెళ్లాడు. ఆడనివ్వలేదని సాయంత్రానికి మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. అన్నం దగ్గర కూడా ఎవరితోనూ మాట్లాడలేదు.

కానీ అమ్మడూ, ఆ పెట్టె వృథా పోలేదు. ఆ తర్వాత రాత్రుళ్లు ఇద్దరం దాన్ని బల్ల మీద పరిచేవాళ్లం. ఒక్కో కార్డూ ఎత్తి, ‘ఇది ఎందుకు నాలుగు? ఇది ఎందుకు రెండే? ఇది సైడ్‌బోర్డ్‌లో ఎవరి కోసం?’ అని వాడు అడిగేవాడు, నేను చెప్పలేకపోతే ఎగతాళి చేసేవాడు. ఆ మధ్యాహ్నం పరువు పోయిందని ఏడ్చినవాడే నెల తిరిగేసరికి ఎదుటివాడి మొదటి రెండు ల్యాండ్‌లు చూసి డెక్ ఏమిటో చెప్పేవాడు. నువ్వు ఈసారి చూసేటప్పుడు వాణ్ని పక్కన కూర్చోబెట్టుకో. పనుందంటాడు, నమ్మకు.

చూడటంలో కొన్ని మెలకువలున్నాయి. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో స్టాండర్డ్‌తో పాటు డ్రాఫ్ట్ రౌండ్లు కూడా ఉంటాయి. అక్కడికక్కడ ప్యాకెట్లు విప్పి డెక్ కట్టి ఆడతారు. టాప్ 8లోకి ఎవరు వస్తారన్నది రెండూ కలిపిన లెక్క. కాబట్టి ఒకరు పైకొచ్చారంటే వాళ్ల స్టాండర్డ్ డెక్ గొప్పదని వెంటనే అనుకోవద్దు. డ్రాఫ్ట్‌లో అన్నీ గెలిచి స్టాండర్డ్‌లో సగమే గెలిచి ఉండవచ్చు. స్టాండర్డ్ రౌండ్ల ఫలితాలు వేరుగా రాసుకో. టాప్ 8 బయట మిగిలిపోయిన డెక్‌లలో నీకు పనికొచ్చేది ఉండవచ్చు.

ప్రారంభ చేతిలో ఏ ఏడు కార్డులను వద్దనుకుని ముల్లిగన్ చేశారో, అంటే మళ్లీ కొత్తగా తీసుకున్నారో, గమనించు. గెలుపు చప్పట్ల కన్నా అది ఎక్కువ నేర్పుతుంది. రెండో ఆటకు ముందు సైడ్‌బోర్డ్ నుంచి ఏవి తెచ్చారో అందరూ చూస్తారు, ఏవి తీసేశారో నువ్వు చూడు. తీసేసిన కార్డే ఆ పోరులో ఆ డెక్‌కు ఎక్కడ నొప్పో చెబుతుంది. ఇద్దరూ ఒకే డెక్ ఆడే మిర్రర్ మ్యాచ్ వస్తే విసుగనుకుని లేచిపోకు. 2000లో బ్రసెల్స్‌లో జాన్ ఫింకెల్, బాబ్ మాహర్ ఫైనల్లో కూర్చున్నప్పుడు ఇద్దరి డెక్‌లూ దాదాపు ఒకటే. ఫింకెల్ గెలిచాడు. అక్కడ జాబితా ఎవరికీ సాయం రాదు, ఎప్పుడు ఆగాలో తెలిసినవాళ్లు నెగ్గుతారు.

ఇంత చెప్పాక కూడా విజేత డెక్కే కడతానంటావా? కట్టు. వద్దననుగా. ఒక్క షరతు. 75 కార్డులకూ పక్కన నీ మాటల్లో కారణం రాయి, ఒక్కో వాక్యం చాలు. ‘చాంపియన్ పెట్టాడు’ అన్నది కారణం కాదు. రాయలేని కార్డులు ఐదారు తేలతాయి. వాటితోనే నాలుగైదు సాయంత్రాలు ఆడిచూడు. అప్పుడూ తెలియకపోతే తీసి నీకు తెలిసినవి పెట్టుకో. నీకు అర్థమైన మామూలు కార్డుతో ఓడిపోతే ఎందుకు ఓడావో కనీసం తెలుస్తుంది.

జాబితా నమోదు చేసేటప్పుడు హడావిడి పడకు. కాగితం మీదైనా, ఫోనులోనైనా అంతే. జాబితాకూ డెక్‌కూ పొంతన లేదని తేలితే ఒక ఆట ఓడినట్టు రాసే ప్రమాదం ఉంది, చిన్న పొరపాటే కదా అంటే వినకపోవచ్చు. ముందు రాత్రే కార్డులను రంగుల వారీగా పరిచి, జాబితా ఇంకొకరి చేత చదివించి, నువ్వు కార్డు ముట్టుకుంటూ సరిచూసుకో. రాసినవాళ్ల కళ్లు తాము రాయాలనుకున్నదే చదువుతాయి. సరిచూశాక ఆ జాబితా ఫోటో నాకు పంపు, ఎంత రాత్రయినా ఫరవాలేదు, మేలుకునే ఉంటాను. ల్యాండ్‌లు నేను లెక్కపెడతాను.

మీ నాన్నను అడిగి ఆ బంగారు అంచు పెట్టె ఎక్కడ పెట్టాడో కనుక్కో. నా దగ్గర ఉందని అంటాడు. లేదు, వాడి దగ్గరే ఉంది.

ఆశీస్సులతో,
మీ అత్త