మీ ప్రశ్నలు, మా సమాధానాలు: ఫ్యాన్‌ఫిక్ రాసేవారికి తల్మూద్ తగిలినప్పుడు

ప్రశ్న: నేను చెన్నైలో ఇంజినీరింగ్ మూడవ సంవత్సరం చదువుతున్నాను. ఒక ఇంగ్లిష్ సీరియల్‌లోని యూదు పాత్ర మీద రెండేళ్ళుగా ఫ్యాన్‌ఫిక్, అంటే ఇతరుల పాత్రలతో అభిమానులు అల్లే కథలు, రాస్తున్నాను. ఆ పాత్రను ఆడా మగా కాని వ్యక్తిగా ఊహించుకున్నాను. "యూదు మతం రెండు వేల ఏళ్ళ క్రితమే ఆరు జెండర్లను ఒప్పుకుంది" అని మా బృందంలో తిరిగే మాటను కథలో ఒక రబ్బీ (యూదు మతగురువు) చేత చెప్పించాను. ఒక యూదు పాఠకురాలు, "మా ధర్మశాస్త్ర పదాలను మీరు నగల్లా పెట్టుకున్నారు" అని రాశారు. సిగ్గుపడి కథను తీసేశాను. ఇంతకీ ఆ మాట నిజమా, కాదా?
– పేరు వద్దన్న పాఠకురాలు, పెరంబూరు

సమాధానం: పదాలు నిజమైనవే, లెక్క మాత్రం ఈ కాలపుది, "జెండర్" అన్న మాట మనం తగిలించినది. క్రీ.శ. 200 ప్రాంతంలో గలిలయలో రబ్బీ యెహూదా హనాసీ కూర్చిన ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలోను, దాని మీద తరువాతి శతాబ్దాల చర్చలు పేరుకుని తయారైన తల్మూద్‌లోను, పురుషుడు, స్త్రీ అన్న రెండింటితో పాటు మరో నాలుగు పదాలు తరచుగా కనిపిస్తాయి. అవయవం చర్మం కింద కప్పబడి ఆడో మగో తెలియని వ్యక్తి తుమ్తుమ్. రెండు లక్షణాలూ కనబడే వ్యక్తి ఆంద్రొగినోస్. పేరును బట్టే అది గ్రీకు నుంచి వచ్చిందని తెలుస్తుంది. ఆడపిల్లగా పెరిగినా యుక్తవయసు లక్షణాలు రానివారిని ఐలోనీత్ అన్నారు, మగపిల్లవాడుగా పెరిగి అలా మిగిలిపోయినవారిని సరీస్ అన్నారు. సరీస్‌లలో పుట్టుకతో అయినవారు వేరు, మనుషుల చేతుల్లో అలా చేయబడినవారు వేరు. ఈ భేదాన్ని ఒక రకంగా లెక్కిస్తే ఆరు, మరో రకంగా లెక్కిస్తే ఏడు, ఎనిమిది వస్తాయి. అందువల్లనే మీ బృందంలో ఒకరు ఆరంటారు, పక్క బృందంలో ఎనిమిదంటారు. తల్మూద్ పండితులెవ్వరూ కూర్చుని ఈ లెక్క వేయలేదు.

వాళ్ళు అడిగిన ప్రశ్న మరొకటి. యూదు ధర్మంలో కొన్ని విధులు పురుషులకే తప్పనిసరి, కొన్ని స్త్రీలకు వర్తించవు. కాబట్టి కళ్ళ ఎదుట ఉన్న ఈ మనిషికి ఏ విధి వర్తిస్తుందో తేల్చవలసి వచ్చింది. కొత్త సంవత్సరపు పండుగనాడు పొట్టేలు కొమ్ము ఊదే విషయమే చూడండి. విధి ఉన్నవారు ఊదితేనే విన్నవారికి ఫలం దక్కుతుంది. ఆంద్రొగినోస్ ఊదితే మరో ఆంద్రొగినోస్‌కు చెల్లుతుంది, ఎందుకంటే ఇద్దరి స్థితీ ఒకటే, ఇతరులకు చెల్లదు. తుమ్తుమ్ ఊదితే మరో తుమ్తుమ్‌కు కూడా చెల్లదు, ఎందుకంటే కప్పు తొలగిస్తే ఒకరు స్త్రీ, మరొకరు పురుషుడు కావచ్చు. అంటే వారి దృష్టిలో తుమ్తుమ్ మూడవ వర్గం కాదు, ఇంకా తెలియని మొదటిదో రెండవదో మాత్రమే. ఈ తర్కాన్ని మొదటిసారి చదివినప్పుడు నాకు మన తర్కశాస్త్ర పండితుల వాదోపవాదాలు గుర్తుకు వచ్చి నవ్వు వచ్చింది, తరువాత గౌరవం కలిగింది.

ఆ పాఠకురాలి బాధ ఇక్కడిదే. ఇవన్నీ శరీరాన్ని గురించిన పదాలు. మనసులో తానెవరన్న ఎరుకను గురించినవి కావు. నేటి మాటల్లో ఇవి శరీర లక్షణాలను చెప్పే ఇంటర్‌సెక్స్ అన్న మాటకు దగ్గరగా ఉంటాయి, తమను ఆడా మగా అనుకోనివారు చెప్పుకునే నాన్‌బైనరీ అన్న మాటకు కాదు. అయితే ఇంతటితో సంగతి ముగిసిందనేవారితోనూ నేను ఏకీభవించను. మిష్నా బిక్కూరీమ్ భాగపు చివరి అధ్యాయంగా అచ్చవుతున్న పాఠంలో, ఆంద్రొగినోస్ కొన్ని విషయాల్లో పురుషుల వంటివారనీ, కొన్నిటిలో స్త్రీల వంటివారనీ, కొన్నిటిలో ఇద్దరి వంటివారనీ, కొన్నిటిలో ఎవరి వంటివారూ కారనీ ఉంది. దుస్తులు పురుషుల వలె ధరించాలి. సాక్ష్యం స్త్రీల వలె చెల్లదు. చంపినవాడికి మాత్రం, చనిపోయినవారు స్త్రీ అయినా పురుషుడైనా పడే శిక్షే పడుతుంది. అక్కడే రబ్బీ యోసే, ఆంద్రొగినోస్ తనకు తానే ఒక ప్రత్యేక సృష్టి అనీ, పండితులు పురుషుడనో స్త్రీ అనో తేల్చలేకపోయారనీ అంటాడు. తేల్చలేకపోయామని ధర్మశాస్త్రమే ఒప్పుకుని ఆ మాటను దాచుకోవడం చిన్న విషయం కాదు.

మీ కథను మళ్ళీ పెట్టండి, కాని ఆ రబ్బీ ఉపన్యాసాన్ని తీసేయండి. యూదుల ఇంట్లో పెరిగిన మీ పాత్రకు ఈ పదాలు బడిలోనో, తాతగారితో వాదనలోనో తగులుతాయి. తనను ఒక "సందేహం" కింద జమకట్టే పదంలో తనను తాను చూసుకోవడం ఇష్టమా, కష్టమా అన్నది ఆ పాత్ర తేల్చుకోవలసిన విషయం. కథ అక్కడ ఉంది. మరొక్క మాట: సరీస్‌ను తెలుగులో రాసేటప్పుడు వీధిలో తిట్టుగా వాడే పదాలేవీ పెట్టకండి, ఆ పదాన్ని అలాగే ఉంచండి.

ప్రశ్న: లేఖనాల మీద రబ్బీలు చెప్పిన వ్యాఖ్యాన కథలైన మిద్రాష్ యూదుల ఫ్యాన్‌ఫిక్కే అని ఫ్యాండమ్‌లో (అభిమాన బృందాల్లో) అందరూ అంటున్నారు. ఒప్పుకోవచ్చా?
– సాహిత్య విద్యార్థి, అన్నానగర్

సమాధానం: పోలిక ఆకర్షణీయమైనదే, పైగా మూలకథకు మీరు నిత్యం వాడే "కానన్" అన్న పదమే మత గ్రంథాల నుంచి వచ్చింది. మూలంలో ఖాళీ కనబడితే అందులో కథ పెట్టాలన్న ఆరాటం రెండింటికీ ఉంది. బైబిలు ఆదికాండము మొదటి అధ్యాయంలో దేవుడు మనిషిని "స్త్రీనిగాను పురుషునిగాను" సృజించాడని ఉంటే, రెండవ అధ్యాయంలో ముందు ఒక్క మనిషే కనబడతాడు. ఆదికాండం మీద మిద్రాష్ అయిన బెరేషీత్ రబ్బా ఎనిమిదవ అధ్యాయంలో ఒక రబ్బీ తొలి మనిషిని ఆంద్రొగినోస్‌గా సృజించాడంటాడు; మరొకరు రెండు ముఖాలతో సృజించి, మధ్యకు కోసి, ఇద్దరికీ చెరొక వీపు ఇచ్చాడంటారు.

తేడా మాత్రం పెద్దది. మిద్రాష్ చెప్పేవాడు ప్రతి ఊహనూ మూలంలోని ఒక మాటకు కట్టి వేలాడదీయాలి. తల్మూద్‌లో యెవామోత్ అనే భాగంలో రబ్బీ అమ్మీ, అబ్రాహాము శారాలు ఇద్దరూ తుమ్తుమ్‌లంటాడు. అది అతని ముచ్చట కాదు. మీరు చెక్కబడిన బండను, మీరు తవ్వబడిన గోతిని చూడండన్న యెషయా ప్రవక్త మాటల పక్కనే అబ్రాహాము, శారాల పేర్లు ఉండటం అతనికి ఆధారం. బండను చెక్కాలి, గోతిని తవ్వాలి అంటే, లోపల మూసుకుని ఉన్నదేదో ఉండాలి. మూలంలో లేకున్నా మీరు నమ్మే హెడ్‌కానన్‌కు ఇంత కట్టుదిట్టమైన ఆధారం అడిగితే మీ కథల ఆర్కైవ్ సగం ఖాళీ అవుతుంది.

యాకోబు భార్య లేయా కథ నాకు ఇంకా ఇష్టం. యాకోబుకు పన్నెండుగురు కొడుకులని నిర్ణయమై ఉంది. లేయాకు అప్పటికే ఆరుగురు, దాసీలకు నలుగురు. ఇప్పుడు తన కడుపులో ఉన్నది కూడా మగపిల్లవాడైతే చెల్లెలూ సవతీ అయిన రాహేలుకు దాసీలపాటి వాటా కూడా దక్కదని లేయా తలపోయగానే, గర్భంలోని శిశువు ఆడపిల్లగా మారి దీనా అయిందని తల్మూద్‌లోని బెరాఖోత్ భాగం చెబుతుంది. భాగవతం నవమ స్కంధంలో మనువు భార్య శ్రద్ధ కోరికతో ఇల పుట్టడం, వసిష్ఠుడి ప్రార్థనతో ఆమె సుద్యుమ్నుడు కావడం చదివినవారికి ఇది వింతగా తోచదు. అయితే తల్మూద్ ఈ కథను మురిపెంగా చెప్పదు. గర్భం నిలిచాక మగపిల్లవాడు కావాలని ప్రార్థించడం వ్యర్థమని మిష్నా అంటే, మరి లేయా సంగతేమిటని అభ్యంతరంగా ఈ కథను ముందుకు తెస్తుంది. అద్భుతాలను ఆధారంగా చూపకూడదన్నది ఒక జవాబు, అది మొదటి నలభై రోజుల లోపు జరిగిందన్నది మరొకటి.

ప్రశ్న: నాన్‌బైనరీ యూదు పాత్రతో తెలుగులో రాద్దామని కూర్చుంటే "వచ్చాడు", "వచ్చింది" దగ్గరే ఆగిపోతున్నాను. "వారు వచ్చారు" అని రాస్తే పందొమ్మిదేళ్ళ పాత్ర హెడ్మాస్టరులా వినిపిస్తోంది.
– పాఠకురాలు, టీ.నగర్

సమాధానం: మీ హెడ్మాస్టరు పోలికకు నా జోహారు. మన వ్యాకరణానికి ఈ విషయంలో తనదైన వింత లెక్క ఉంది: ఏకవచనంలో స్త్రీని చెట్టూ పుట్టా వరుసలో కలిపి "వచ్చింది" అంటుంది, బహువచనంలో మళ్ళీ పురుషుల పక్కన చేర్చి "వచ్చారు" అంటుంది. 1858లో బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి మహత్తు, మహతి, అమహత్తు అని విభజించినది ఈ సంగతినే.

"తను" అన్న మాట మీకు సగం పని చేసిపెడుతుంది, కాని క్రియ దగ్గర మళ్ళీ గుట్టు బయటపడుతుంది. అందుచేత లింగం చూపే క్రియనే తప్పించే దారులు వెతకాలి. "తనకు తెలుసు", "తనకు ఆకలి వేసింది", "తను వెళ్ళాలి", "తను రావచ్చు", "తను రాలేదు": వీటిలో దేనిలోనూ ఆడా మగా లేదు. "రాలేదు" అన్నప్పుడు తెలుగు ఎవరినీ అడగదు, వచ్చినప్పుడే అడుగుతుంది. అన్నిటికన్నా సులువైనది కథను పాత్ర చేతే చెప్పించడం. "నేను వచ్చాను", "నువ్వు వచ్చావు" అన్నవి అందరికీ ఒక్కటే.

హీబ్రూకు ఈ వెసులుబాటు లేదు. అక్కడ "నువ్వు" అనడానికే పురుషుడికి అత్తా, స్త్రీకి అత్. "నాకు కావాలి" అనబోయే మనిషి కూడా మగవాడిగా రోత్సె అనో, ఆడమనిషిగా రోత్సా అనో తేల్చి చెప్పాలి. అందుకని అమెరికాలో కొందరు యూదులు హీబ్రూ పదాలకు కొత్త అంత్యాలను తయారు చేసుకుంటున్నారు. పదమూడేళ్ళ ప్రాంతంలో జరిగే బార్ మిత్స్వా, బాత్ మిత్స్వా వేడుకల పేర్లలో "బార్" అంటే కొడుకు, "బాత్" అంటే కూతురు కనుక, ఆ రెండూ కాని బిడ్డకు బీమిత్స్వా అని పిలవడం కొన్ని సమాజాల్లో వాడుకలోకి వచ్చింది. మీ పాత్ర ఇంట్లో హీబ్రూ ప్రార్థన చదువుతూ ఒక క్రియ దగ్గర ఆగిపోతే, ఆ ఆగడం తెలుగులో మీకు పట్టిన ఇబ్బంది వంటిదే. దాన్ని వాడుకోండి.

ప్రశ్న: ఆడదానిగా పుట్టకపోతినే అని ఏడ్చిన మధ్యయుగపు యూదు కవి ఒకడున్నాడని, అతన్ని ట్రాన్స్ (పుట్టుకతో వచ్చిన లింగం తనది కాదనుకునే) కవి అని ట్యాగ్ చేస్తున్నారు. సరైనదేనా? నేటి యూదు సంస్థలు ఏమంటున్నాయి?
– పాఠకుడు, తాంబరం

సమాధానం: ఆ కవి ప్రొవాన్స్‌కు చెందిన కలోనీమోస్ బెన్ కలోనీమోస్, గ్రంథం 1322 ప్రాంతపు ఎవెన్ బోఖాన్. మగవాడిగా పుట్టి ఇన్ని ఆజ్ఞల భారం, ఇంత చదువు మోయవలసి వచ్చిందని వాపోతాడు. స్త్రీగా పుట్టి ఉంటే నేస్తాలతో కలిసి నూలు వడుక్కుంటూ కబుర్లు చెప్పుకునేవాడినని ఊహించుకుంటాడు. చివరికి, మంచికైనా చెడుకైనా దేవుణ్ణి స్తుతించాలి కనుక, నన్ను స్త్రీగా చేయనందుకు స్తోత్రమని నీరసంగా పలుకుతాడు. సంప్రదాయవాద యూదు పురుషులు ప్రతి ఉదయం చెప్పే స్తోత్రమది. దాన్ని అలా తలకిందులు చేయడం చదివేవారి గొంతు పట్టేస్తుంది. కాని ఆ గ్రంథం నిండా వ్యంగ్యమే, స్త్రీల జీవితాన్ని అతడు తేలికగా చూశాడన్న వాదనకూ చోటుంది. పద్యాన్ని మీ కథకు ప్రేరణగా చెప్పుకోవడంలో తప్పు లేదు; కవికి మన కాలపు గుర్తింపు కార్డు ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

నేటి సంగతికి వస్తే యూదులందరిదీ ఒకే మాట కాదు. పురుషుడు స్త్రీవేషం, స్త్రీ పురుషవేషం ధరించరాదన్న ద్వితీయోపదేశకాండపు నిషేధాన్ని, బీజచ్ఛేదనపై ఉన్న నిషేధాన్ని సంప్రదాయవాదులు గట్టిగా పట్టుకుంటారు. అమెరికాలోని ఉదారవాద రిఫార్మ్ శాఖ వారి హీబ్రూ యూనియన్ కళాశాల 2006లో బాహాటంగా ట్రాన్స్ అయిన వ్యక్తికి రబ్బీ పట్టం ఇచ్చింది. ఆ శాఖ సమాఖ్య 2015లోను, మధ్యేమార్గపు కన్సర్వేటివ్ శాఖ రబ్బీల సభ 2016లోను ట్రాన్స్ వ్యక్తుల హక్కులను సమర్థిస్తూ తీర్మానాలు చేశాయి. ఇరుపక్షాలూ లేఖనాలనే తెరుస్తాయి. యెషయా 56వ అధ్యాయంలో సరీస్‌లకు, కొడుకులు కూతుళ్ళ కంటె మేలైన స్మారకమూ పేరూ నా ఇంటిలో ఇస్తానని దేవుడంటాడు. ఆ "స్మారకమూ పేరూ" హీబ్రూలో యాద్ వాషేమ్. నాజీల చేతిలో చనిపోయిన యూదుల కోసం యెరూషలేములో కట్టిన స్మారకానికి పెట్టిన పేరు అదే. ఆ మాట మొదట ఎవరి కోసం పలికారో మీ ట్యాగ్‌లలో ఎక్కడా చూడలేదు.

ప్రశ్న: మా అమ్మాయి రాత్రి రెండింటిదాకా ఎవరో సృష్టించిన పాత్రల మీద కథలు రాస్తోంది. డబ్బూ రాదు, పేరూ ఆమెది కాదు. ఏమిటీ పిచ్చి?
– ఒక తండ్రి, విల్లివాక్కం

సమాధానం: డబ్బు తీసుకోకపోవడం అక్కడి నియమం. ఇలాంటి కథలు దాచే పెద్ద ఆర్కైవ్‌ను 2007లో ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థ ఒకటి స్వచ్ఛంద కార్యకర్తలతో నడుపుతోంది. 2009లో తెరుచుకున్న ఆ ఆర్కైవ్‌కు 2019లో హ్యూగో పురస్కారం వచ్చింది. రాత్రి రెండు గంటల సంగతి మాత్రం మీతో ఏకీభవిస్తాను.

ప్రశ్న: న్యూయార్క్‌లో ఉండే నా బీటా రీడర్ (నా కథను ముందుగా చదివి దిద్దే మనిషి) యూదురాలు. శుక్రవారం అధ్యాయం పంపితే మాయమవుతుంది. కోపం వచ్చిందేమోనని రెండుసార్లు క్షమాపణ కూడా చెప్పాను.
– పాఠకురాలు, వేళచ్చేరి

సమాధానం: ఆమె యూదుల వారపు విశ్రాంతి దినమైన షబ్బాత్ పాటిస్తూ ఉండవచ్చు. అది శుక్రవారం సూర్యాస్తమయానికి కాస్త ముందు మొదలై, శనివారం చుక్కలు కనబడే దాకా ఉంటుంది. నిష్ఠగా పాటించేవారు ఆ సమయంలో రాయరు, ఫోను, కంప్యూటరు ముట్టరు. చలికాలంలో న్యూయార్క్‌లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు వాలుతుంది, అప్పుడు మనకు శనివారం తెల్లవారుజాము మూడు గంటలు. అంటే మీ శనివారమంతా ఆమె నుంచి ఉలుకూ పలుకూ ఉండదు, ఆదివారం ఉదయానికి జవాబు వస్తుంది. క్షమాపణ చెప్పవలసిన పని లేదు, అధ్యాయాన్ని గురువారం పంపండి.